నిత్యత్వాన్ని దృష్టిలో పెట్టుకుని బతకడమంటే ఎప్పుడూ పరుగెత్తడమేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు 38. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. ఈ మధ్య సంఘంలో వరుసగా "సమయం కొంచెమే ఉంది, నిత్యత్వాన్ని దృష్టిలో పెట్టుకుని బతకండి" అనే వర్తమానాలు విన్నారు. అప్పటినుంచి ఆఫీసులో కూర్చున్నా, పిల్లలకు లెక్కలు చెబుతున్నా, రాత్రి పది నిమిషాలు ఫోన్ చూసినా "ఇదంతా కాలిపోయేదే కదా" అని టెన్షన్. ఉద్యోగం మానేసి పూర్తికాల పరిచర్యలోకి రావాలా అని అడిగారు. పొదుపు చేయడం అవిశ్వాసమా అని కూడా అడిగారు. చివర్లో ఒక మాట కలిపారు: ఆస్తి పంపకాల దగ్గర మాటామాటా పెరిగి అన్నయ్యతో నాలుగేళ్లుగా మాటల్లేవు, "కానీ అది వేరే విషయం" అని. ఆ మాట దగ్గరికి నేను మళ్లీ వస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా సంఘకాపరిగా ఉన్నాను. అందులో సగం కాలం, ఇప్పుడు మిమ్మల్ని టెన్షన్ పెడుతున్న వర్తమానాలే నేనూ ఇచ్చాను. ఇచ్చినంత గట్టిగా పాటించాను కూడా. నా దగ్గర ఒక డైరీ ఉండేది. రోజును అరగంట గళ్లుగా గీసుకుని, ప్రతి గడిలో ఏం చేశానో రాసి, వృథా అయినదాని పక్కన ఎర్ర పెన్నుతో చిన్న అడ్డగీత పెట్టేవాణ్ణి. ఒక సాయంత్రం మా సంఘంలో ఒక పెద్దామె వచ్చి కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులు, మనవరాలి చదువు, పక్కింటివాళ్ల గొడవ, ఇలా మాట్లాడుతూ పోయారు. నేను మర్యాదగానే విన్నాను గానీ గోడ గడియారం వైపు రెండుమూడుసార్లు చూశాను. ఆమె గమనించారు. "మీకు పని ఉన్నట్టుంది అయ్యగారూ, ఇంకోసారి వస్తాలెండి" అని లేచారు. గుమ్మం దాటేముందు ఒక్క క్షణం ఆగారు, ఏదో అనబోయినట్టు. అనలేదు. ఆమె వెళ్లాక నేను ఆ గడి పక్కన ఎర్ర గీత పెట్టాను.

ఆ ఆగడం తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. నెలరోజులయ్యాక నేనే వెళ్లి అడిగాను, ఆరోజు ఏదో చెప్పబోయారు కదమ్మా అని. ఆమె నవ్వి, "అప్పుడు చెప్పాలనిపించింది, ఇప్పుడు లేదు" అన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు మా సంఘంలోనే ఉన్నారు, బాగానే మాట్లాడేవారు. ఆ మాట మాత్రం చెప్పలేదు. ఆ డైరీ ఇంకా నా దగ్గర ఉంది. నిమిషాలన్నీ భద్రంగా లెక్కపెట్టుకుని, సమయాన్ని పోగొట్టుకున్న పేజీ అది.

మీరు విన్న వర్తమానాలకు ఆధారంగా 90వ కీర్తన తప్పక వచ్చి ఉంటుంది. "మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము." దాని పైన "దైవజనుడైన మోషే చేసిన ప్రార్థన" అని ఉంటుంది. మోషే ఎక్కడ నిలబడి ఈ మాట అన్నాడో ఒకసారి ఊహించండి. సంఖ్యాకాండం మొదటి అధ్యాయంలో ఇరవై ఏళ్లు దాటిన మగవాళ్ల లెక్క 6,03,550. యెహోషువ, కాలేబు తప్ప ఆ లెక్కలో ఉన్న తరం అంతా నలభై ఏళ్లలో అరణ్యంలోనే రాలిపోయింది. భాగించి చూస్తే రోజుకు సగటున నలభై మందికి పైనే, అదీ మగవాళ్లు మాత్రమే. అంటే దినాలు లెక్కించడం ఆయనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. పొద్దున లేస్తే ఎదురుగా సమాధులే. అయినా "నేర్పుము" అన్నాడంటే ఆయన అడిగేది కూడికలూ తీసివేతలూ కాదు. డెబ్బై ఏళ్లంటే దాదాపు 25,500 రోజులు, అందులో మీకు ఎన్ని మిగిలాయో ఫోన్‌లో కూడా వేసుకోవచ్చు. ఆ అంకె చూసి మనిషి భయపడవచ్చు, జ్ఞాని మాత్రం అవడు.

ఆ కీర్తన అక్కడితో ఆగదని చాలామంది చెప్పరు. 12వ వచనం చదివి ముగించేస్తాం. తర్వాత 14వ వచనంలో ఉదయాన్నే నీ కృపతో తృప్తిపరచు, అప్పుడు మా దినాలన్నీ సంతోషిస్తాం అంటాడు. ఆఖరి వచనం "మా చేతిపనిని మాకు స్థిరపరచుము." ఆవిరిలా పోయే మనిషి తన చేతిపనిని నిలబెట్టమని అడుగుతున్నాడు. బతుకు ఇంత పొట్టిది గనుక చేతిపని దండగ అనలేదు. నిలబెట్టేవాడు దేవుడు గనుక దండగ కాదనే ధైర్యంతో అడిగాడు. మీ టెన్షన్‌కు నేను ఇచ్చే జవాబు దాదాపు అంతా ఈ ఒక్క వచనంలో ఉంది. మిగతాదంతా దానికి వివరణ.

39వ కీర్తనలో దావీదు తన దినాల కొలత "బెత్తెడంత" అంటాడు. అరచేతిని ఎదురుగా పెట్టుకుని చూడండి. బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల వెడల్పు, అది బెత్తెడు. జానెడు కూడా కాదు. నేను సమాధి కార్యక్రమాలకు వెళ్లినప్పుడు ఒక్కోసారి జేబులో చెయ్యి పెట్టుకుని నాలుగు వేళ్లూ దగ్గరికి చేర్చుకుంటాను. భయం వేయదు. పైగా కొంత హాయిగా ఉంటుంది, ఇంత చిన్న చోటులో లోకాన్నంతా ఇమిడ్చే పని నాకు అప్పగించలేదని.

ఇప్పుడు అసలు చిక్కు. నిత్యత్వం అనగానే మన మనసులో వచ్చే బొమ్మ, అంతం లేకుండా సాగే పొడుగాటి కాలం. ఇక్కడి డెబ్బై ఏళ్లు చుక్క, అక్కడిది సముద్రం. ఈ పోలికలో నిజం లేదనను. కానీ ఇది ఒక్కటే మనసులో పెట్టుకుంటే ఇహలోకం రైల్వే స్టేషన్లో వెయిటింగ్ రూమ్‌లా కనబడుతుంది. వెయిటింగ్ రూమ్‌లో ఎవరూ గోడకు సున్నం వేయరు కదా. యేసు ఇచ్చిన నిర్వచనం వేరు. యోహాను 17:3 లో, అద్వితీయ సత్యదేవుడైన నిన్నూ నీవు పంపిన యేసుక్రీస్తునూ "ఎరుగుటయే నిత్యజీవము" అన్నాడు. అక్కడ కాలం పొడవు ప్రస్తావనే లేదు. ఎవరిని ఎరిగావు అన్నదే ఉంది. అదే సువార్త 5:24 లో విశ్వసించినవాడు మరణంలోనుంచి జీవంలోకి దాటి "యున్నాడు" అంటాడు, దాటబోతాడు అనడు. ఆరవ శతాబ్దంలో బోయీథియస్ అనే రోమన్ తత్వవేత్త జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ, నిత్యత్వమంటే అంతులేని జీవాన్ని మొత్తంగా, ఒక్కసారిగా, సంపూర్ణంగా కలిగి ఉండటం అని రాశాడు. దేవుడికీ కాలానికీ ఉన్న సంబంధం గురించి వేదాంతులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, దాంట్లోకి మనం దిగక్కర్లేదు. మీకు కావలసినంత మటుకు చెబుతాను: మీరు ఎదురుచూస్తున్న నిత్యజీవం మీ సోమవారంలోకి ఇప్పటికే వచ్చి ఉంది. పిల్లాడి లెక్కల పుస్తకం దానికి బయట లేదు.

"సమయము కొంచెమే" అన్న మాటను పట్టుకుని పని వదిలేసినవాళ్లు చరిత్రలో ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు గ్రంథంలోని 2,300 దినాల లెక్కతో క్రీస్తు రాకడ 1843-44 ప్రాంతంలో అని బోధించాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 అని తేదీయే పెట్టారు. కొందరు రైతులు పంట కోయకుండా చేలోనే వదిలేశారు. 23వ తేదీ తెల్లవారింది. ఆ రోజును చరిత్రలో 'మహా నిరాశ' అంటారు. థెస్సలొనీకలో కూడా కొందరు పని మానేసి ఊరికే తిరుగుతున్నారని పౌలు విన్నాడు. ఆయన జవాబులో మెత్తదనం ఏమీ లేదు: పని చేయడం ఇష్టం లేనివాడు భోజనం చేయకూడదు. రేపు లోకం అంతమవుతుందని తెలిసినా ఈరోజు ఆపిల్ మొక్క నాటుతానని సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ అన్నాడని మీ గ్రూపుల్లో వచ్చే ఉంటుంది. మాట బాగుంది గానీ లూథర్ రచనల్లో అది ఎక్కడా లేదు. దాని ఆచూకీ దొరికేది 1944 నుంచే. ఆయన పేరు తీసేసి వాడుకోండి.

ఇంకో చిన్న సంగతి, నా చాదస్తం అనుకోండి. గ్రీకులో క్రోనోస్ అంటే గడియారం కాలం, కైరోస్ అంటే దేవుడి సమయం, రెండూ పూర్తిగా వేరు అని వర్తమానాల్లో తరచూ వింటాం. నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. కానీ కొత్త నిబంధన అంత శుభ్రంగా విడగొట్టదు. "కాలము పరిపూర్ణమైనప్పుడు" దేవుడు తన కుమారుణ్ణి పంపాడన్న గలతీ 4:4 లో, కైరోస్ ఉండాల్సిన చోట క్రోనోస్ ఉంది. మార్కు 1:15 లో "కాలము సంపూర్ణమైయున్నది" అన్నచోట కైరోస్ ఉంది. భావం మాత్రం దాదాపు ఒకటే. అంటే దేవుడి సమయం గడియారం బయట ఎక్కడో లేదు, ఈ మామూలు మంగళవారం పదకొండున్నరలోనే ఉంది.

ఎఫెసీ 5:16 దగ్గరికి వద్దాం, "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు." మిమ్మల్ని ఎక్కువగా పొడుస్తున్న వచనం ఇదే అనుకుంటాను. అక్కడున్న గ్రీకు మాటకు బజారులో సరుకు కొనుక్కోవడం అనే అర్థం ఉంది. దొరికినప్పుడే కొనేయడం. సరే, కొన్నాక దాన్ని పెట్టి ఏం చేయాలో పౌలు చెప్పలేదా? చెప్పాడు. పుస్తకం మూయకుండా అలాగే కిందికి చదవండి. కీర్తనలు పాడుకోండి, కృతజ్ఞతలు చెప్పండి అన్నాడు. తర్వాత భార్యాభర్తల సంగతి, ఆ తర్వాత పిల్లల సంగతి, ఆపైన దాసులూ యజమానుల సంగతి, అంటే పనిచేసే చోటు. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అన్న మాట 6:4 లో ఉంది. సమయాన్ని సద్వినియోగం చేసుకోమన్న వచనానికీ దానికీ మధ్య గట్టిగా ఒక పేజీ దూరం. పిల్లాడికి భిన్నాలు నాలుగోసారి చెబుతూ గొంతు పెంచకుండా ఉండటం ఆ పేజీలోనే ఉంది. మీరు వృథా అనుకుంటున్న గంటల జాబితా, పౌలు సద్వినియోగం అంటున్న గంటల జాబితా చాలావరకు ఒకటే. నేను దీన్ని గమనించేసరికి నాకు నలభై ఆరేళ్లు. మా పిల్లల లెక్కల పుస్తకాలు అప్పటికే పాత పేపర్లలో పోయాయి.

"ఇదంతా కాలిపోయేదే" అనే భయం 1 కొరింథీ 3 నుంచి వచ్చింది. బంగారం, వెండి, వెలగల రాళ్లు, కర్ర, గడ్డి, కొయ్యకాలు, వాటిని పరీక్షించే అగ్ని. అక్కడ కట్టేవాళ్లు ఎవరు? పైన చూస్తే పౌలు, అపొల్లో. నాటినవాడు, నీళ్లు పోసినవాడు. అంటే ఆ హెచ్చరిక సూటిగా సంఘాన్ని కట్టే బోధకులకు. ఆఫీసుకు వెళ్లేవాణ్ణి భయపెట్టడానికి మేం వాడే వచనం మొదట మా వీపు మీదే పడాలి. నా ఎర్ర గీతల డైరీ అందులో గడ్డి వైపు ఉంటుందేమో అని నాకు అనుమానం.

యేసు విషయమే చూడండి. నిత్యత్వం ఎవరి దృష్టిలోనైనా పూర్తిగా ఉండి ఉంటే అది ఆయన దృష్టిలోనే. పరిచర్య మొదలుపెట్టినప్పుడు ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లని లూకా రాశాడు. బహిరంగ పరిచర్య మూడేళ్లంటారు. మిగతా కాలమంతా నజరేతులో, వడ్రంగి ఇంట్లో. చుట్టూ కుష్ఠురోగులున్నారు, దయ్యాలు పట్టినవాళ్లున్నారు. వాళ్లు ఉండగానే ఆయన చెక్క చిత్రిక పట్టాడు. పదిమందిని బాగుచేయగల చేతులు కాడిమానో తలుపో చేస్తూ కూర్చున్నాయంటే, ఆ గంటలకు తండ్రి దృష్టిలో విలువ లేదని నేను ఎలా అనగలను? మూడేళ్లు గడిచాక కూడా లోకంలో రోగులు మిగిలే ఉన్నారు. అయినా యోహాను 17:4 లో, నీవు ఇచ్చిన పని సంపూర్ణంగా నెరవేర్చాను అన్నాడు. ఉన్న పనులన్నీ అనలేదు. ఇచ్చిన పని అన్నాడు.

మార్కు 5వ అధ్యాయం కూడా చదవండి, నెమ్మదిగా. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, పన్నెండేళ్ల పిల్ల. యేసు బయలుదేరాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న ఒకామె వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుని బాగుపడింది. పని అయిపోయింది, ఇంక వెళ్లిపోవచ్చు. ఆయన ఆగాడు. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. ఇంత గుంపు తోసుకుంటుంటే ఇదేం ప్రశ్న అన్నారు శిష్యులు. ఆమె వణుకుతూ వచ్చి తన సంగతంతా చెప్పుకుంది. పన్నెండేళ్ల కథ, ఎందరో వైద్యుల దగ్గర ఖర్చయిన డబ్బుతో సహా. ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆమె పక్కనే యాయీరు నిలబడి ఉన్నాడు. నేను బోధకుడిగా కాక తండ్రిగా ఈ భాగం చదివితే నా ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇంతలో ఇంటినుంచి కబురు వచ్చింది, పిల్ల చనిపోయిందని. మరణం ఆయనకు ఆఖరి గంట కాదు గనుక ఆయన ఆగగలిగాడు. నిత్యత్వం చేతిలో ఉన్న మనిషి ఇలా ఉంటాడు: తొందరపడడు, ఎదుటి మనిషి మాట పూర్తిగా వింటాడు. నా ఇంటికొచ్చిన పెద్దామె విషయంలో నాకు లోపించింది ఇదే.

అయితే సోమరితనానికి ఇది లైసెన్సా? కాదు. అమెరికన్ బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ ఇరవై ఏళ్లు నిండకముందు రాసుకోవడం మొదలుపెట్టిన 70 తీర్మానాల్లో అయిదవది, ఒక్క క్షణం కూడా పోగొట్టుకోకూడదని. ఆ క్రమశిక్షణను నేను తక్కువ చేయను. కానీ ఆయన 1758లో, 54 ఏళ్ల వయసులో, మశూచి టీకా వేయించుకున్నాక వికటించి చనిపోయాడు. రాయాలనుకున్న పెద్ద పుస్తకం రాయకుండానే. క్షణం పోనివ్వనివాడి పని కూడా సగంలో ఆగింది. మోషే కూడా వాగ్దానదేశాన్ని కొండమీదనుంచి చూసి ఆగిపోయాడు. సగంలో ఆగడం విశ్వాసికి అవమానం కాదు, మన దగ్గర అందరి పనీ అలాగే ఆగుతుంది.

ఫోన్ గురించి అడిగారు. పది నిమిషాలు పాపం కాదు. పది నిమిషాలని మొదలుపెట్టి గంటన్నర అయితే, మీరు విశ్రాంతి కోసం వెళ్లి అలసటతో తిరిగొచ్చారు, అంతే. దానికి మందు అపరాధభావం కాదు, నిద్ర. ఆదికాండం మొదటి అధ్యాయంలో దినం "అస్తమయమును ఉదయమును" అని సాయంత్రంతో మొదలవుతుంది. మనిషి పడుకుంటాడు, దేవుడు పని చేస్తూ ఉంటాడు, పొద్దున లేచి మనిషి ఆ పనిలో చేరతాడు. 127వ కీర్తన కూడా తన ప్రియులు నిద్రపోతుండగా ఆయన ఇస్తాడని చెబుతుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి పదిన్నరకు పడుకోండి. వారంలో ఒక రోజు నిజంగా ఆగండి. ఆదివారం ఆరాధన, తర్వాత కమిటీ మీటింగ్, తర్వాత యూత్ కూటం అని పొద్దుగూకేదాకా పరుగెత్తడం విశ్రాంతి కాదు. సంఘకాపరిగా ఈ మాట చెప్పడం నాకు ఇబ్బందే అయినా నిజం.

పూర్తికాల పరిచర్య విషయం. "కాలము సంకుచితమై యున్నది" అని పౌలు రాసింది 1 కొరింథీ 7లో. అదే అధ్యాయంలో, ఆ మాటకు కాస్త ముందే, ఎవరు ఏ స్థితిలో పిలువబడ్డారో ఆ స్థితిలోనే ఉండాలని అన్నాడు. కాలం తక్కువ ఉంది గనుక అందరూ ఉద్యోగాలు వదలండి అనలేదు. మీకు నిజంగా పిలుపు ఉంటే అది మీ భార్యకు, సంఘ పెద్దలకు కూడా కనబడుతుంది, ఏడాది రెండేళ్లు ఆగినా చల్లారదు. టెన్షన్‌లోంచి పుట్టిన నిర్ణయం అయితే ఆర్నెల్లలో చల్లారుతుంది. అప్పటికి ఇంటి అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు మానేయకండి. ఇలా భయంతో మానేసి వచ్చిన ఇద్దరిని నేనే ప్రోత్సహించాను, ఆ ఇద్దరి భార్యల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

ఇక డబ్బు. ఏడేళ్ల సమృద్ధిలో ధాన్యం దాచిన యోసేపును ఎవరూ అవిశ్వాసి అనలేదు. యాకోబు పత్రిక కూడా ప్లాన్ వేయవద్దని చెప్పదు, "ప్రభువు చిత్తమైతే" అని చేర్చమంటుంది. కాబట్టి పిల్లల చదువుకు దాయండి. మిమ్మల్ని భయపెట్టింది లూకా 12లో వెర్రి ధనవంతుడి ఉపమానం. పాత కొట్లు విప్పి పెద్ద కొట్లు కట్టాలనుకున్న రాత్రే ప్రాణం పోయినవాడు. అతని మాటలు లెక్కపెట్టండి: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణం. కొట్లు కట్టడం కాదు వాడి తప్పు. ఆ మాటల్లో దేవుడూ లేడు, పక్క మనిషీ లేడు.

ఆ ఉపమానం ఎందుకు పుట్టిందో ఎప్పుడైనా చూశారా? మూడు వచనాలు పైకి వెళ్లండి, 12:13. గుంపులోంచి ఒకడు లేచి, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని నా సహోదరుడితో చెప్పు, అని యేసును అడిగాడు. ఆస్తి పంపకం. ఇద్దరు అన్నదమ్ములు. యేసు తీర్పు చెప్పలేదు. ఎవరి వాటా న్యాయమో కూడా మాట్లాడలేదు. వెంటనే "ఈ రాత్రి" అనే కథ చెప్పాడు. అంటే వాక్యంలో నిత్యత్వం గురించి చెప్పిన అతి పదునైన ఉపమానాల్లో ఒకటి మీ ఇంట్లో నాలుగేళ్లుగా నడుస్తున్న గొడవ గురించే. మీరేమో ఆఫీసు గంటల గురించి నాలుగు పేరాలు రాసి, దీన్ని "వేరే విషయం" అన్నారు.

సద్వినియోగం చేసుకోమని చెప్పిన ఎఫెసీ పత్రికలోనే, దానికి ఒక అధ్యాయం ముందు, పౌలు ఒక గడువు పెట్టాడు. బతుకులో చాలా విషయాలకు ఆయన గడువు పెట్టలేదు, దీనికి పెట్టాడు. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." నాలుగేళ్లంటే 1,461 సూర్యాస్తమయాలు. తప్పు ఎవరిదో నాకు తెలియదు. మీ అన్నయ్యదే పూర్తిగా అయి ఉండవచ్చు. వాటా వదులుకోమని కూడా నేను చెప్పడం లేదు. ఆ సంగతి కాగితాల మీద, ఇద్దరూ నమ్మే ఒక పెద్దమనిషి ముందు తేల్చుకోవచ్చు, దానికి నెలలు పట్టినా ఫర్వాలేదు. మాట్లాడటానికి మాత్రం నెలలు అక్కర్లేదు.

ఈ సాయంత్రం ఫోన్ చేయండి. ఆస్తి మాట ఎత్తకండి, బైబిల్ వచనాలు కూడా చెప్పకండి, ఆయనకు అది దెప్పినట్టు ఉంటుంది. "అన్నయ్యా, నేనే. ఎలా ఉన్నావు?" చాలు. ఎత్తకపోతే మెసేజ్ పెట్టి చేతులు దులుపుకోకండి, రేపు మళ్లీ చేయండి. వదినగారు ఎత్తితే పిల్లలు ఏ క్లాసుకు వచ్చారో అడగండి. నాలుగేళ్లలో బాగా ఎదిగి ఉంటారు.